అంజయ్య నోటి మాట

అక్టోబర్ వచ్చిందంటే కెనడాలో, టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఉన్న తెలుగువాళ్ళ కళ్ళన్నీ అంజయ్య నోటి మీద పడతాయి. చెట్ల ఆకులు ఎర్రబడ్డాయా, కారుకి చలికాలం టైర్లు వేయించామా అనేవి తర్వాతి సంగతులు. బాస్కెట్‌బాల్ సీజన్ మొదలయ్యేలోగా అంజయ్య చేత టొరంటో టీముని నాలుగు మాటలు తిట్టించాలి. ఆ పని కాకుండా మొదటి ఆట చూడటం వాళ్ళ దృష్టిలో వినాయకుడికి దండం పెట్టకుండా పెళ్ళి మొదలుపెట్టడంలాంటిది.

అంజయ్యకి యాభై ఎనిమిదేళ్ళు. జగిత్యాల దగ్గర పుట్టాడు. ఇరవై రెండేళ్ళుగా ఏజాక్స్ చుట్టుపక్కల డర్హమ్ ప్రాంతంలో సిటీ బస్సు నడుపుతున్నాడు. మోకాలి లోతు మంచులో కూడా ముసలమ్మలు సీటులో కుదురుకునేదాకా బ్రేకు మీంచి కాలు తీయడు. మనిషి బంగారం, మాట మాత్రం ఎప్పుడూ ఎదురే. ఎండ కాస్తుంటే సాయంత్రానికి దంచికొడుతుందంటాడు. ఎవరైనా ఇల్లు కొంటే నేలమాళిగలోకి నీళ్ళొస్తాయంటాడు. శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేశానని చెప్పిన కుర్రాడికి రిజెక్ట్ అవుతుందిలే అని ధైర్యం చెబుతాడు. ఆ కుర్రాడికి పీఆర్ వచ్చిన రోజున అందరికంటే ముందు ఫోన్ చేసేదీ అంజయ్యే.

ఇది వంకర బుద్ధి కాదు, తల్లి పెంపకం. ఆవిడకి ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. మూడోవాడిని దిష్టి నుంచి కాపాడుకోవడానికి, ఎవరైనా పిల్లాడు ముద్దుగా ఉన్నాడంటే చాలు, "ఏం ముద్దు, కోతి లెక్కున్నడు" అనేసేది. ముద్దొచ్చినదాన్ని తిట్టి దాచుకోవాలని అంజయ్యకి అలా ఉగ్గుపాలతో వంటబట్టింది.

ఇక ఈ తిట్ల పండగ ఎలా మొదలైందో చెప్పాలి. రెండువేల పద్దెనిమిది అక్టోబరులో మహీధర్ కొత్త ఇంటి బేస్‌మెంట్‌లో పెద్ద టీవీ పెట్టించి అందర్నీ పిలిచాడు. మహీధర్ హైదరాబాదువాడు, అమెరికాలో ఎనిమిదేళ్ళు చేసి ఇటొచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. సీజన్లో ఆడే ఎనభై రెండు ఆటల్లో టీము ఎన్ని గెలుస్తుందో ఒక్కొక్కరూ చెప్పాలన్నాడు. అందరూ యాభై అనీ, అరవై అనీ ఆకాశానికి నిచ్చెనలు వేశారు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చిన అంజయ్య సమోసా నములుతూ, "ఏం గెలుస్తరు, మొదటి రౌండ్లనే మూట గట్టుకొని ఇంటికొస్తరు" అన్నాడు. అప్పుడు అందరూ కొట్టినంత పని చేశారు. మరుసటి జూన్‌లో టీము ఛాంపియన్ అయింది. టొరంటో వీధుల్లో ఇసక వేస్తే రాలనంత జనం. ఆ జనం మధ్యలో మహీధర్ అంజయ్యని భుజాలమీద ఎత్తబోయి నడుం పట్టుకుని కూలబడ్డాడు.

కాకి వాలింది, తాటిపండు పడింది. కాని ఆ కాకిని వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆ ఏడాదినుంచీ అదొక ఆచారమైపోయింది. అక్కడ అక్టోబరులోనే వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ శనివారం మధ్యాహ్నం మహీధర్ బేస్‌మెంట్‌లో చేరతారు. మహీధర్ నిపుణుల జోస్యాలన్నీ చదువుతాడు. అందరూ కాసేపు ఆ నిపుణుల వంశాలను పలకరిస్తారు. ఆ తర్వాత టీవీ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి అంజయ్యని కూర్చోబెట్టి, భుజాలమీద టీము జెర్సీ కప్పి తిట్టించుకుంటారు. కోవిడ్ ఏడాదిలో వీడియోకాల్‌లో తిట్టించుకున్నారు. ఈ మధ్య టీము అంతంతమాత్రంగా ఆడుతున్నా ఆచారాన్ని ఎవరూ అనుమానించలేదు. అంజయ్య తిట్టింది సరిపోలేదని మాత్రం అనుకున్నారు.

అసలు సంగతేమిటంటే, ఆ బేస్‌మెంట్‌లో అంజయ్యంత పిచ్చి అభిమాని ఇంకొకడు లేడు. యూనిఫాం బూట్లలో ఏడాది పొడుగునా టీము మేజోళ్ళే వేసుకుంటాడు. బస్సులో రేడియో పెట్టకూడదు కాబట్టి, ఆట ఉన్న రోజుల్లో స్టాపు స్టాపుకీ ఎక్కేవాళ్ళ మొహాలు చూసి స్కోరు గ్రహిస్తాడు. ఈ సంగతి అతని భార్య దమయంతికి ఒక్కదానికే తెలుసు.

దమయంతిది బాపట్ల. ముప్పై ఏళ్ళ క్రితం ఇద్దరూ ఒకే కాఫీ షాపులో పనిచేస్తూ ఒకరి తెలుగుని ఒకరు వెక్కిరించుకుంటూ పెళ్ళిదాకా వచ్చారు. ఆవిడకి మొగుడి గుట్టు ఇంకొకటి కూడా తెలుసు. కూతురు చరితకి ఏ పరీక్ష ఉన్నా, "ఫెయిలైతవ్ తీయ్" అని సాగనంపుతాడు. కాని అంతకు ముందురోజే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి పిల్లకి ఇష్టమైన మైసూర్‌పాక్ డబ్బా కొని కారులో దాచిపెడతాడు. పాసైతే అప్పుడే కొన్నట్టు ఇంటికి తెస్తాడు. తప్పితే ఆ డబ్బా బస్ డిపోకి వెళ్ళిపోతుంది. పిల్లకి చెప్పేద్దామండీ అని దమయంతి ఎన్నిసార్లు అన్నా, చెబితే దిష్టి తగులుతుందని ఒట్టు వేయించుకున్నాడు.

చరితకి ఇరవై ఏళ్ళు. హామిల్టన్‌లో యూనివర్సిటీలో చదువుతూ అక్కడి అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీములో ఆడేది. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. చిన్నప్పుడు తండ్రి తిట్లకి నవ్వేది. పెద్దయ్యాక నవ్వడం తగ్గింది.

పోయిన జనవరిలో ఒక శుక్రవారం ఆ పిల్ల ఫోన్ చేసి, రేపు పెద్ద మ్యాచ్ అంది. అంజయ్య అలవాటు కొద్దీ, "పో, కాలు విరగ్గొట్టుకొని ఇంటికొస్తవ్" అన్నాడు. మర్నాడు మూడో క్వార్టర్లో బంతికోసం ఎగిరి దిగుతూ చరిత మోకాలు మెలిపడింది. లోపలి లిగమెంట్ తెగింది. ఆపరేషను, చంకకింద కర్రలు, ఆ తర్వాత రోజూ పొద్దున్నే జిమ్ములో కన్నీళ్ళు పెట్టించే వ్యాయామాలు.

ఆకాశంలో తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, చెడుమాట అంటే వాళ్ళు తథాస్తు అనేస్తారని అంజయ్య చిన్నప్పుడు విన్నాడు. ఇన్నాళ్ళకి వాళ్ళు తన నోటిమీదే కాపు వేశారని నమ్మాడు. భార్యకి కూడా చెప్పుకోలేదు. ఆ రోజునుంచి కూతురి ఆట గురించి పెదవి విప్పలేదు. మంచిమాటంటే దిష్టి, చెడుమాటంటే తథాస్తు, ఇక మిగిలిందేమిటి? తిన్నావా, చలిగా ఉందా అని అడిగి ఫోన్ దమయంతికి ఇచ్చేసేవాడు. తొమ్మిది నెలలు అలాగే గడిచాయి.

ఇప్పుడు థాంక్స్‌గివింగ్‌కి చరిత ఇంటికొచ్చింది. మంగళవారం పొద్దున్న కోచ్ ముందు ఆడి చూపించాలి. ఆవిడ తీసుకుంటే టీములో ఉన్నట్టు, లేదంటే ఈ ఏడాదికి లేనట్టే. ఇంట్లో ఆ మాట తప్ప మిగతా మాటలన్నీ మాట్లాడుకున్నారు.

శనివారం ముగ్గురూ మహీధర్ ఇంటికి వెళ్ళారు. బేస్‌మెంట్‌లో ఇరవై మందిదాకా ఉన్నారు. మహీధర్ అత్తగారు బాలత్రిపురసుందరి గారు రాజమండ్రి నుంచి, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. ఆవిడ శాలువా కప్పుకుని సోఫా మధ్యలో కూర్చుని, ఇది సత్యనారాయణ వ్రతమా, అసోసియేషన్ మీటింగా అని అడిగింది. అల్లుడు వివరంగా చెప్పాడు. కావలసినవాళ్ళని తిట్టించుకోవడమేమిటి నాయనా, శుభం పలకరా ఎంకన్నా అంటే... అని మొదలుపెట్టి, మిగతాది నలుగురిలో అనే మాట కాదని ఆపేసింది.

మహీధర్ ల్యాప్‌టాప్ తెరిచి జోస్యాలు చదివాడు. అమెరికా నిపుణుడొకడు ముప్పై నాలుగు గెలుపులన్నాడు. ఇంకొకడు తూర్పు విభాగంలో పదిహేను టీముల్లో పన్నెండోస్థానం అన్నాడు. మూడోవాడు పదమూడు అన్నాడు. బేస్‌మెంట్ భగ్గుమంది. వీళ్ళు టొరంటో ఎక్కడుందో మ్యాప్‌లో చూపించగలరా అన్నారొకరు. అదే నిపుణుడు మనం ఛాంపియన్లయిన ఏడాది ఏం వాగాడో వెతికి తీశారు ఇంకొకరు. ఒక్క ఆట కూడా ఆడకముందే ఈ లెక్కలేమిటి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని దమయంతి తేల్చింది. వేర్‌హౌస్‌లో పార్ట్‌టైం చేసుకుంటూ కాలేజీలో చదివే రేవంత్ అప్పటికప్పుడు ఆ వ్యాసం కింద మూడు దొంగపేర్లతో నాలుగు కామెంట్లు పెట్టాడు. ఎవరో ఒక కామెంటుకి నవ్వు బొమ్మ పెట్టేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. నిపుణులకి ఈ సంగతి తెలిస్తే జోస్యాలు మానేసి కాశీకి పోయేవాళ్ళేమో.

మూడో నిపుణుడు కారణం కూడా రాశాడు. పోయినేడు మోకాలికి ఆపరేషన్ అయిన ఆటగాడిమీద టీము ఆశలు పెట్టుకుంది గాని, అతను మునుపటిలా ఆడటం కల్ల అన్నాడు. మహీధర్ అది చదువుతున్నప్పుడే మెట్లమీద కాలు చాపుకుని కూర్చున్న చరిత నోరు విప్పింది. ఎవరి వైపూ చూడకుండా, ఇంగ్లీషులో, తనలో తాను అనుకున్నట్టు అంది.

"అందరూ మోకాలినే చూస్తారు. తొమ్మిది నెలలు రోజూ పొద్దున్నే లేచి ఆ మోకాలితో ఏం చేశాడో ఎవరూ చూడరు."

ఆ గోలలో ఆ మాట ఎవరికి వినపడిందో ఏమో. అంజయ్యకి మాత్రం వినపడింది. చేతిలో సమోసా అలాగే ఉండిపోయింది.

ఇంతలో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. అంజయ్యని లాక్కొచ్చి కూర్చోబెట్టి, జెర్సీ కప్పారు. ఈసారి మొహమాటపడొద్దు అన్నా, కడుపునిండా తిట్టు అన్నాడు మహీధర్. రేవంత్ ఫోన్ కెమెరా పెట్టాడు. అంజయ్య నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. మెట్లవైపు చూశాడు.

"నేను తిట్ట" అన్నాడు.

అందరూ నవ్వారు, ఇది కొత్త రకం ఎత్తు అనుకుని. అంజయ్య నవ్వలేదు. భుజాలమీది జెర్సీ తీసి ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేశాడు.

"ఏడేండ్ల నుంచి మీరు తిట్టమన్నరు, తిట్టిన. నా మనసులున్నది ఒక్కసారన్న చెప్పనియ్యున్రి. నలభై నాలుగు గెలుస్తరు. ఆ మోకాలి పిలగాడు ఆడుతడు. మంచిగ ఆడుతడు."

రేవంత్ రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకున్నాడు. మహీధర్ మొహం చూస్తే అప్పుడే సీజన్ అయిపోయి కర్మకాండ కూడా పూర్తయినట్టుంది. బాలత్రిపురసుందరి గారు మాత్రం అక్షింతలు వేస్తున్నట్టు చెయ్యెత్తి తథాస్తు అంది. అంజయ్య మెట్లవైపు చూశాడు. అక్కడ చరిత లేదు. లేచి పైకి వెళ్ళిపోయింది.

మంగళవారం అంజయ్య సెలవు పెట్టాడు. చరిత ట్రైన్‌లో వెళ్తానంటే దమయంతి ఒప్పుకోలేదు. మీరే దింపండి, అయ్యేదాకా ఉండి కనుక్కుని రండి అని తాళంచెవులు చేతిలో పెట్టింది. హైవే ఎక్కి, టొరంటో దాటేదాకా తండ్రీకూతుళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. మిస్సిసాగా దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ముందూ వెనకా ట్రక్కులే. చరిత కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"ముక్కూ మొహం తెలియని ప్లేయర్ మంచిగా ఆడతాడని ఇరవై మంది ముందు చెప్పావు. నాకెందుకు చెప్పవు?"

అంజయ్య స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. నా మాట తప్పితే వాళ్ళకి పోయేది ఒక ఆట, అంతే అన్నాడు. ఆ తర్వాత తొమ్మిది నెలలుగా లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది. శుక్రవారం తను అన్న మాట, శనివారం జరిగింది, తన నోరే ఆమె మోకాలు విరగ్గొట్టిందన్న భయం, అన్నీ చెప్పాడు.

చరిత కిటికీ మీంచి తల ఇటు తిప్పింది. ఆమెకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు.

"ఇంకో అమ్మాయి పాదం మీద దిగాను నాన్నా, అంతే. నువ్వు ఆ మాట అన్నట్టే నాకు గుర్తులేదు. ఆ తర్వాత నువ్వు ఏమీ అనకపోవడమే గుర్తుంది. నా పని అయిపోయిందని నువ్వు కూడా అనుకున్నావనుకున్నాను."

వెనక ట్రక్కువాడు హారన్ కొట్టేదాకా ముందు దారి ఖాళీ అయిన సంగతి అంజయ్యకి తెలియలేదు. కారు కదిలించాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే నడిపాడు. ఇన్నేళ్ళు దిష్టి తగలకూడదని మూసిపెట్టిన తలుపు పిల్ల మొహంమీదే మూసుకుందని అతనికి అప్పుడు తెలిసింది. ఆ బాధ మోకాలి బాధకంటే పెద్దదని కూడా తెలిసింది.

హామిల్టన్‌లో జిమ్ ముందు కారు ఆపాడు. చరిత బ్యాగు భుజాన వేసుకుంటుంటే అద్దం దించి పిలిచాడు.

"నిన్ను తీసుకుంటరు బిడ్డా" అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసిందా అని తనకే అనుమానమొచ్చి, "తీసుకోక సస్తరా" అని కలిపాడు. చరిత ఒక్క క్షణం ఆగి, తల ఊపి లోపలికి వెళ్ళింది.

రెండున్నర గంటలు. అంజయ్య కారు దిగాడు, ఎక్కాడు, అద్దాలు తుడిచాడు. ఫోన్‌లో ఏజాక్స్ వాళ్ళ గ్రూపు మోగుతూనే ఉంది. నలభై నాలుగు మాట వెనక్కి తీసుకోమని మహీధర్ బతిమాలుతున్నాడు. కనీసం ఒక్క చిన్న తిట్టు వాయిస్ మెసేజ్ పెట్టమని రేవంత్ అడుగుతున్నాడు. అంజయ్య ఫోన్ జేబులో వేసుకున్నాడు. మంచిమాట అన్నాక ఎదురుచూడటం ఇంత కష్టమని అతనికి తెలియదు. తిట్టి ఎదురుచూడటమే సులువు, ఓడినా గెలిచినట్టే ఉంటుంది.

చరిత నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. మొహం చూసి స్కోరు గ్రహించే మనిషి ఆ మొహంలో ఏమీ చదవలేకపోయాడు. ఆమే చెప్పింది. మోకాలు బాగుందట, కాని ఇప్పుడే మ్యాచ్‌లు వద్దన్నారట. టీముతో పాటు ప్రాక్టీసు చెయ్యి, జనవరిలో మళ్ళీ చూస్తానంది కోచ్. ఇప్పటికైతే పేరు జాబితాలో లేదు.

అంజయ్య నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. నా పాడు నోరు, మంచిమాట కూడా... అని మొదలుపెట్టబోతే చరిత వేలు చూపించి ఆపింది. ఇంకొక్కసారి నీ నోరు పేరెత్తితే నేను ట్రైన్‌లో వెళ్ళిపోతాను అంది. ఆ గొంతు అచ్చం దమయంతి గొంతులా ఉంది.

బ్యాగు పెట్టడానికి వెనక తలుపు తీసింది. సీటు కింద, బస్సువాళ్ళ పసుపు జాకెట్టులో చుట్టి ఒక డబ్బా కనిపించింది. జాకెట్టు తొలగిస్తే మైసూర్‌పాక్. మూతమీద నిన్నటి తేదీ.

"ఇది నిన్న కొన్నావా? నేను ఆడకముందే?"

అంజయ్య ఒప్పేసుకున్నాడు. ఎప్పుడూ ముందురోజే కొంటానన్నాడు. ఎప్పుడూ అంటే అని అడిగింది. డ్రైవింగ్ టెస్టు, పన్నెండో క్లాసు, యూనివర్సిటీ అడ్మిషన్, మొదటిసారి టీములోకి తీసుకున్న రోజు, ఒక్కొక్కటే చెప్పాడు. ఒక్కోదానికీ తను ఏమని సాగనంపాడో ఇద్దరికీ గుర్తుంది.

"డ్రైవింగ్ టెస్టు నేను రెండుసార్లు ఫెయిలయ్యాను."

"ఆ డబ్బాలు డిపోకు పోయినయ్. మా డ్రైవర్లకు నువ్వు ఫెయిలైతే మస్తు ఖుషీ."

చరిత తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి. డబ్బా తీసుకుని వచ్చి ముందు సీటులో కూర్చుంది. కాలు చాపుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత తీసింది. ఒక ముక్క తండ్రి నోట్లో పెట్టింది.

"మరి జనవరిలో?" అంది, ఈసారి తెలుగులో.

"ఆడుతవ్" అన్నాడు అంజయ్య. "రాసిపెట్టుకో."

"నలభై నాలుగు మాత్రం టూ మచ్ నాన్నా."

అదీ రాసిపెట్టుకోమని అంజయ్య కారు స్టార్ట్ చేశాడు. ఆ డబ్బా డిపోకి వెళ్ళలేదు. మిస్సిసాగా దాటేసరికి ఖాళీ అయింది.